గని నుండి గడప వరకు: ఖనిజముల రాకపోకలు, పంచాయతీ సభ్యుల బాధ్యతలు

మాడుగులపల్లి గ్రామమున సిమెంటు రాతి గని లేదు. అయినను ఆ గ్రామము మీదుగా పోవు నార్కెట్‌పల్లి–అద్దంకి రహదారి ప్రక్కన కొంతసేపు నిలిచి చూచిన వారికి, గనుల వ్యాపారమంతయు కన్నుల యెదుట సాగిపోవుచున్నట్లు తోచును. సిమెంటు సంచుల లారీలు హైదరాబాదు వైపు పోవుచుండును. కంకర, ఇసుక, బొగ్గు, బూడిద మోయు బండ్లు అటునుండి ఇటును, ఇటునుండి అటును తిరుగుచుండును. నార్కెట్‌పల్లి నుండి మేదరమెట్ల వరకు 212 కిలోమీటర్లకు పైగా సాగు ఈ నాలుగు వరుసల రహదారిపై మాడుగులపల్లి వద్ద టోలుగేటు కలదు. అక్కడ ప్రతి బండియు ఆగి రుసుము చెల్లించి పోవును. ఆ రుసుము పంచాయతీది కాదు. బండి రేపిన దుమ్ము మాత్రము పంచాయతీకే మిగులును.

2025 డిసెంబరులో జరిగిన ఎన్నికలలో మన రాష్ట్రమున క్రొత్త సర్పంచులును, వార్డు సభ్యులును ఎన్నికయి పదవీ బాధ్యతలు స్వీకరించినారు. ఈ ప్రాంతపు సభ్యులలో పలువురికి గనుల విషయము తమకు సంబంధించినది కాదను అభిప్రాయము కలదు. గని ప్రభుత్వముదనియు, కర్మాగారము కంపెనీదనియు, రహదారి ఆర్ అండ్ బి శాఖదనియు వారు చెప్పుదురు. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని చట్టములను విప్పి చూచినచో పంచాయతీకి చెందిన భాగము మనము తలచినదానికంటె ఎక్కువగా కనిపించును. ఈ పాఠమున ఆ భాగమును చూపుటకు ప్రయత్నించుచున్నాము.

గొలుసు అనగా నేమి?

ఖనిజము భూమిలోనుండి బయలుదేరి, రూపము మారి, చేతులు మారి, చివరకు ఇంటి గోడయై నిలుచు వరకు జరుగు పనులన్నిటిని కలిపి ఈనాడు ‘సరఫరా గొలుసు’ అనుచున్నారు. రైతు కిది క్రొత్త సంగతి కాదు. కల్లములోని వడ్లు ఐకేపీ కేంద్రమునకో, మిర్యాలగూడ మిల్లుకో చేరి, బియ్యమై, సంచులకెక్కి, దూరపు పట్టణములో అమ్ముడుపోవుటయు ఇట్టి గొలుసే. అయితే ఒక భేదము కలదు. పొలము మరల పండును. తీసిన రాయి మరల పుట్టదు. అందుచేతనే గనుల విషయమున ఎంత తీసినారు, ఎక్కడికి పంపినారు, ఎవరికెంత చెల్లించినారు అను లెక్క పంటల లెక్కకంటె కచ్చితముగా ఉండవలసియున్నది.

కృష్ణానది ఒడ్డున వాడపల్లి మొదలు మఠంపల్లి, మేళ్ళచెరువు, చింతలపాలెం వరకును, నది కావల జగ్గయ్యపేట, పల్నాడు ప్రాంతములందును సున్నపురాయి విస్తారముగా పరచుకొనియున్నది. సిమెంటు కర్మాగారములు గనుల ప్రక్కనే వెలయుటకు కారణము పలువురు ఊహించునట్లు భూమి చౌకగా దొరకుట కాదు. సున్నపురాతిని కాల్చినప్పుడు దాని బరువులో నూటికి 44 పాళ్ళు బొగ్గుపులుసు వాయువై గాలిలో కలిసిపోవును. మిగులునది 56 పాళ్ళు మాత్రమే. గాలిలో కలిసిపోవు బరువునకు లారీ కిరాయి చెల్లించు అవివేకి ఎవ్వడును ఉండడు కదా! కావున రాయి ఎక్కడ దొరకునో అక్కడనే బట్టీ పెట్టుదురు. దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాలి ఉండలు కట్టిన పదార్థమును క్లింకరు అందురు. ఒక టన్ను క్లింకరునకు సుమారు టన్నున్నర సున్నపురాయి కావలెను. క్లింకరునకు కొంచెము జిప్సము చేర్చి పొడి చేసినచో సిమెంటగును.

ఈ గొలుసులోనికి ఇటీవల మరియొక కడియ చేరినది. దామరచర్ల మండలములోని వీర్లపాలెం వద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి తాపవిద్యుత్ కేంద్రమును నిర్మించినారు. అందు కాలిన బొగ్గునుండి వచ్చు సన్నని బూడిదను సిమెంటులో నూటికి 35 పాళ్ళ వరకు కలుపుటకు ప్రమాణములు అంగీకరించుచున్నవి. తాపవిద్యుత్ కేంద్రములు తమ బూడిద నంతటిని సద్వినియోగము చేయవలెనని కేంద్రప్రభుత్వము 2021 డిసెంబరు 31న ప్రకటన చేసినది. బూడిద కలిపిన కొలదియు సున్నపురాయి ఆదా యగును. ఇది మంచిదే. కాని బూడిదను కప్పకుండ మోసినచో దారి పొడవునను ఇండ్లపై పడును. దీనిని గమనింపవలసినవారు దారి ప్రక్కనున్న గ్రామముల వారే.

నిన్న మొన్నటి కథ కాదు

రాయి, ఇసుక, సిమెంటు కలిసి ఈ ప్రాంతమును ఎట్లు మార్చినవో మన పెద్దలకు తెలియును. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసిరి. రాతికట్టడపు ఆనకట్టలలో ప్రపంచ ప్రసిద్ధి గాంచిన ఆ నిర్మాణమునకు చుట్టుపట్ల కొండల రాయియే ఆధారమైనది. ఆవలి ఒడ్డున మాచర్లలో కె.సి.పి. వారి సిమెంటు కర్మాగారము 1958లో వెలసినది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ ప్రాంతము వరిపొలముల సీమ అయినది.

తరువాత వాడపల్లి ప్రక్కన రాశి సిమెంటు వెలసినది. మఠంపల్లిలో, మేళ్ళచెరువులో, దొండపాడులో, గణేశ్‌పహాడ్‌లో మరికొన్ని కర్మాగారములు లేచినవి. బీబీనగర్–నడికుడి రైలుమార్గము నల్లగొండ, మిర్యాలగూడ, విష్ణుపురముల మీదుగా పోవుటచే బొగ్గు రాకకును, సిమెంటు పోకకును వీలు కలిగినది.

ఇక్కడ పంచాయతీ సభ్యులు గుర్తింపవలసిన సంగతి యొకటి కలదు. కర్మాగారముల యాజమాన్యములు మారుచుండును. విష్ణుపురము కర్మాగారము 1998లో రాశి సిమెంటు నుండి ఇండియా సిమెంట్స్ చేతికి వచ్చినది. ఆ ఇండియా సిమెంట్స్ సంస్థ 2024 డిసెంబరులో అల్ట్రాటెక్ అధీనమైనది. గణేశ్‌పహాడ్ కర్మాగారమును నడుపు పెన్నా సిమెంటు 2024 ఆగస్టులో అంబుజా వారి చేతికి పోయినది. ఇందులో తప్పు పట్టవలసినది లేదు. అది వ్యాపార ధర్మము. కాని మేనేజరుగారు నోటిమాటగా ఇచ్చిన వాగ్దానము, మేనేజరు బదిలీ అయిన నాడే బదిలీ అగును. బడి కట్టించెదమనియో, మంచినీటి ట్యాంకు కట్టించెదమనియో కంపెనీ వారు చెప్పినప్పుడు దానిని పంచాయతీ తీర్మానముగా వ్రాసి, కంపెనీవారి సంతకముతో ఉత్తరము పుచ్చుకొని దాచుట మేలు.

సిమెంటు సంచిలో మన భాగము

రాయి భూమిలో నున్నంతకాలము అది ప్రభుత్వ సంపద. కౌలుదారు దానిని తీసినప్పుడు టన్నుకింతయని రాయల్టీ చెల్లించును. సిమెంటునకు వాడు సాధారణ రకపు సున్నపురాతికి 2014 సెప్టెంబరు 1 నుండి అమలైన రేటు టన్నుకు 80 రూపాయలు. దీనిపై మరియొక మొత్తము కూడ చేరును. గనుల, ఖనిజముల చట్టము 1957లో చేసినది. దానికి 2015లో చేసిన సవరణ ప్రకారము ప్రతి జిల్లాలో జిల్లా ఖనిజ ప్రతిష్ఠానము అను సంస్థ ఏర్పడవలెను. 2015 జనవరి 12కు పూర్వము ఇచ్చిన కౌలుల విషయమున రాయల్టీపై నూటికి 30 పాళ్ళును, ఆ తరువాత వేలము ద్వారా ఇచ్చిన కౌలుల విషయమున నూటికి 10 పాళ్ళును ఈ ప్రతిష్ఠానమునకు చెల్లింపవలెను. గని వలన బాధపడు గ్రామముల మేలునకై ఈ ధనము వినియోగపడవలెను.

లెక్క వేసి చూతము. బూడిద కలపని సిమెంటులో నూటికి 95 పాళ్ళు క్లింకరు ఉండుననుకొన్నచో, టన్ను సిమెంటునకు సుమారు 1.425 టన్నుల రాయి కావలెను. రాయల్టీ 114 రూపాయలగును. దానిలో నూటికి 30 చొప్పున ప్రతిష్ఠానపు వంతు 34 రూపాయల 20 పైసలు. టన్నుకు 50 కిలోల సంచులు 20. అనగా సంచి యొక్కంటికి రాయల్టీ 5 రూపాయల 70 పైసలు, ప్రతిష్ఠానమునకు 1 రూపాయి 71 పైసలు. బూడిద కలిపిన రకములో క్లింకరు 65 పాళ్ళుండిన, ప్రతిష్ఠానపు వంతు సంచికి 1 రూపాయి 17 పైసలగును.

రూపాయిన్నర ఏపాటి అని కొందరు నవ్వవచ్చును. ఏటా పది లక్షల టన్నులు ఉత్పత్తి చేయు కర్మాగారము ఒక్కటి ఉన్నదనుకొందము. ఈ లెక్క ప్రకారము అది ఏటా 14 లక్షల 25 వేల టన్నుల రాయి వాడును. ప్రతిష్ఠానమునకు 3 కోట్ల 42 లక్షల రూపాయలు చేరవలెను. ఒక్క ఏడాదికి, ఒక్క కర్మాగారమునుండి! గ్రామ పంచాయతీ ఇంటిపన్నుతో పోల్చినచో ఈ మొత్తపు బరువు తెలియును.

అయితే ఈ లెక్క యంతయు టన్నులపై ఆధారపడియున్నది. వంద లారీలు గని దాటి, తొంబదింటికే లెక్క వ్రాసినచో, తక్కిన పది లారీల రాయల్టీతో పాటు ఆ పది లారీల ప్రతిష్ఠానపు వంతు కూడ పోవును. ఖజానా నష్టము మాత్రమే అనుకొనుట సరికాదు. గ్రామపు మంచినీటి పథకమునకు రావలసిన సొమ్ము దారిలోనే జారిపోయినదన్నమాట.

ఒక పంచాయతీ సుంకము నడిపిన వ్యాజ్యము

రాయల్టీ అనునది పన్నా, కాదా అను ప్రశ్నపై మన దేశమున ముప్పదియైదేండ్లు చర్చ జరిగినది. ఆ చర్చకు మూలము ఒక పంచాయతీ సుంకమే యగుటచే దానిని మన సభ్యులు తెలిసికొనదగును.

మద్రాసు పంచాయతీల చట్టము 1958లో చేసినది. దాని 115వ సెక్షను క్రింద భూమిశిస్తు రూపాయి యొక్కంటికి 45 పైసల చొప్పున స్థానిక సుంకము వసూలు చేసెడివారు. తరువాత చేసిన సవరణతో గనుల రాయల్టీని కూడ భూమిశిస్తు లెక్కలోనికి తెచ్చినారు. తమిళనాడులో సున్నపురాతి గని కౌలు పొందిన ఇండియా సిమెంట్స్ వారు దీనిపై న్యాయస్థానమునకు పోయిరి. 1989 అక్టోబరు 25న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, రాయల్టీ యనునది పన్నేయనియు, దానిపై రాష్ట్రములు మరల సుంకము వేయరాదనియు తీర్పు చెప్పినది. దానితో పంచాయతీలకు ఆ ఆదాయము మూసుకొనిపోయినది.

2024 జులై 25న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనము ఈ ప్రశ్నను మరల పరిశీలించి, ఎనిమిదిమంది ఒకవైపును, ఒకరు మరియొకవైపును నిలిచి, పాత తీర్పును త్రోసిపుచ్చినది. రాయల్టీ పన్ను కాదు. కౌలుదారు ఖనిజమునకు బదులుగా కౌలు ఇచ్చినవారికి చెల్లించు ప్రతిఫలము. ఖనిజ హక్కులపైనను, ఖనిజములున్న భూములపైనను పన్ను వేయు అధికారము రాష్ట్ర శాసనసభలకు కలదు. పార్లమెంటు చట్టము చేసి ఖనిజ హక్కులపై పన్నునకు హద్దులు పెట్టవచ్చును. 2024 ఆగస్టు 14న కోర్టు మరియొక ఉత్తర్వు ఇచ్చుచు, 2005 ఏప్రిల్ 1కి పూర్వపు లావాదేవీలపై ఈ పన్ను అడుగరాదనియు, పాతబాకీలను 2026 ఏప్రిల్ 1 మొదలుకొని పండ్రెండేండ్ల వాయిదాలలో చెల్లింపవచ్చుననియు నిర్ణయించినది.

దీనివలన పంచాయతీ తనంతట తాను లారీకింత అని పన్ను వేయవచ్చునా యని కొందరు మమ్ము అడుగుచున్నారు. వేయరాదు. అధికారము శాసనసభది. శాసనసభ చట్టము చేసి ఇచ్చిన మేరకే పంచాయతీ వసూలు చేయగలదు. ఊరి పొలిమేరలో కఱ్ఱ అడ్డము పెట్టి రసీదు లేకుండ వసూలు చేయుట పన్ను కాదు. దానికి వేరే పేరు కలదు.

ప్రతిష్ఠానపు ధనము ఏ పనులకు?

ఈ ధనమును వినియోగించుటకు ప్రధానమంత్రి ఖనిజ క్షేత్ర కల్యాణ యోజన 2015 సెప్టెంబరులో మొదలైనది. 2024 జనవరిలో దాని మార్గదర్శకములను సవరించినారు. సవరించిన దాని ప్రకారము గని నుండి 15 కిలోమీటర్లలోపు ప్రాంతమును నేరుగా బాధపడు ప్రాంతముగాను, 25 కిలోమీటర్లలోపు దానిని పరోక్షముగా బాధపడు ప్రాంతముగాను లెక్కింతురు. నిధులలో నూటికి 70 పాళ్ళకు తగ్గకుండ మంచినీరు, కాలుష్య నివారణ, ఆరోగ్యము, విద్య, స్త్రీశిశు సంక్షేమము, వృద్ధుల, వికలాంగుల సంక్షేమము, వృత్తి శిక్షణ, పారిశుద్ధ్యము మొదలగు ముఖ్య విషయములకు ఖర్చు చేయవలెను. రోడ్లు, వంతెనలు, సాగునీరు మొదలైనవి మిగిలిన 30 పాళ్ళలోనే ఇమడవలెను.

సర్పంచులు తెచ్చు అర్జీలలో అధికభాగము సిమెంటు రోడ్డునకై యుండుట మేమెరుగుదుము. రోడ్డు వలదని చెప్పుట మా ఉద్దేశము కాదు. కాని 30 పాళ్ళ వరుసలో అందరును నిలిచియుండగా, 70 పాళ్ళ వరుస ఖాళీగా ఉండుట తెలివి కాదు. ఫ్లోరైడు బాధ అనుభవించిన నల్లగొండ సీమలో మంచినీటికంటె ముందు నిలుచునది ఏమున్నది? పటికయు, సున్నమును వాడి నీటిలోని ఫ్లోరైడును తగ్గించు విధానమునకు ప్రపంచమంతట ‘నల్లగొండ పద్ధతి’ యనియే పేరు. కంకర మరల దగ్గర పనిచేయువారికి రాతిదుమ్ము వలన వచ్చు సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధికి పరీక్షలు చేయించుట కూడ ఆరోగ్య శీర్షిక క్రిందికే వచ్చును. ఇట్టి అర్జీలు అరుదుగా కనబడుచున్నవి.

ప్రతిష్ఠానపు పాలకమండలికి జిల్లా కలెక్టరు అధ్యక్షుడు. ఆ ప్రాంతపు పార్లమెంటు, శాసనసభల సభ్యులు అందు సభ్యులు. రాష్ట్రస్థాయిలో ఏ శాఖయు ఈ నిధులను మళ్ళించి మంజూరు చేయరాదని కేంద్రము 2021 జులైలో ఉత్తర్వు చేసినది. లెక్కలను ఏటా ఆడిటు చేయించి ప్రజల యెదుట పెట్టవలెను.

ఇక మాడుగులపల్లి వంటి గ్రామముల సంగతి. 2016 అక్టోబరులో జిల్లాలను పునర్విభజించినప్పుడు మాడుగులపల్లి నల్లగొండ జిల్లాలో ఒక మండలమైనది. దామరచర్ల గనులు అదే జిల్లాలో నున్నవి. మేళ్ళచెరువు, మఠంపల్లి, చింతలపాలెం గనులు సూర్యాపేట జిల్లాలోనికి పోయినవి. నది దాటిన పిమ్మట రాష్ట్రమే మారును. సున్నపురాతి పొర ఒక్కటే. దానిని ఏలు ప్రతిష్ఠానములు ఇట్లు పలు జిల్లాలుగా, రెండు రాష్ట్రములుగా చీలియున్నవి. బాధపడు ప్రాంతము పొరుగు గ్రామమునకు, పొరుగు జిల్లాకు, చివరకు పొరుగు రాష్ట్రమునకు కూడ వ్యాపింపవచ్చునని 2015 మార్గదర్శకములే చెప్పినవి. అయితే కొలత గనినుండి చుట్టు గీసిన గీత. లారీ పోవునది గీతమీద కాదు, రోడ్డు మీద. గనికి 25 కిలోమీటర్ల ఆవల, రహదారి ప్రక్కన నున్న ఊరు దుమ్మును, మోతను, ప్రమాదములను భరించుచు గీతకు వెలుపలనే ఉండిపోవును. ఇది ఆలోచింపదగిన లోపమని మా అభిప్రాయము. మండల సభలలోను, జిల్లా పరిషత్తులోను దీనిపై తీర్మానములు చేసి పంపుటకు పంచాయతీలకు అడ్డేమియు లేదు. తమ గ్రామము నుండి అతి సమీపపు గని ఎంత దూరమో, అది సిమెంటు రాతి గనియో, కంకర క్వారీయో ముందుగా తెలిసికొని వ్రాయుట మంచిది.

రోడ్డు, బరువు, చీటీ

అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమున 1958 నుండి 1960 వరకు పనికట్టుకొని లారీలు నడిపి రోడ్లను పరీక్షించినారు. అందు తేలిన విషయము విచిత్రమైనది. ఇరుసుపై బరువు రెండింతలైనచో రోడ్డునకు హాని రెండింతలు కాదు, దాదాపు పదునారింతలగును. నూటికి ఇరువది పాళ్ళు హెచ్చు బరువు వేసినంతమాత్రమున హాని రెండింతలగును. పదేండ్లు ఉండవలసిన రోడ్డు ఐదేండ్లకే పోవునన్నమాట. కిరాయిలో మిగిలిన లాభము ఒకరిది, రోడ్డు మరమ్మతు ఖర్చు మరియొకరిది.

మోటారు వాహనముల చట్టములో 2019 సవరణ ప్రకారము హెచ్చు బరువునకు 20,000 రూపాయల జరిమానాయు, హెచ్చు టన్నుకు 2,000 చొప్పున అదనమును కలదు. హెచ్చు సరుకు దింపువరకు బండిని కదలనీయరాదు. ఈ పని రవాణాశాఖ వారిది, పోలీసులది. పంచాయతీ పని సమాచారము అందించుట.

బరువు సంగతి ఇట్లుండగా, ఖనిజమునకు చీటీ సంగతి వేరు. 1957 చట్టములోని 4వ సెక్షను (1ఎ) ఉపవిభాగము, చట్టమునకును నిబంధనలకును విరుద్ధముగా ఎవ్వరును ఖనిజమును మోయరాదు, నిలువచేయరాదు అని స్పష్టముగా చెప్పుచున్నది. తప్పినవారికి ఐదేండ్ల వరకు ఖైదు, హెక్టారుకు ఐదు లక్షల వరకు జరిమానా విధింపవచ్చును. బండిని, పనిముట్లను స్వాధీనము చేసికొనవచ్చును. కావున ప్రతి ఖనిజపు బండి వెంట రవాణా పర్మిట్టు ఉండవలెను. అందు సరుకు పేరు, తూకము, బయలుదేరిన చోటు, చేరవలసిన చోటు, గడువు వేళ వ్రాసియుండును. ఉదయము గడువు తీరిన చీటీతో సాయంత్రము మరల బండి నడచుట దొంగరవాణాలో అతి సాధారణమైన పద్ధతి. ఒకే చీటీ, రెండు మూడు నడకలు.

ఇది మన ప్రాంతమునకే పరిమితమైన చిక్కు కాదు. ఆఫ్రికాలోని కాంగో దేశమున తగరపు ఖనిజపు అమ్మకములు సాయుధ ముఠాలకు ఆదాయమగుచుండుటచే, ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ 2011లో కొనుగోలుదారులకు నియమావళి ప్రకటించినది. సరుకు ఏ గనినుండి, ఎవరి చేతులమీదుగా వచ్చినదో విచారించు బాధ్యత కొనువానిపై కూడ ఉండునని దాని సారాంశము. గని వద్దనే సంచికి ముద్రవేసి, ఆ ముద్ర సంఖ్యను చివరివరకు వెంబడించు పద్ధతి అక్కడ వాడుకలోనికి వచ్చినది. మన పంచాయతీ కూడ ఒక కొనుగోలుదారే కదా! కాలువ కట్టినను, అంగన్‌వాడీ కట్టినను కంకర, ఇసుక కొనును. కంట్రాక్టరు బిల్లు చెల్లించుటకు ముందు ఆ కంకరకు, ఇసుకకు పర్మిట్టులు చూపుమని అడుగుట పంచాయతీ చేతిలోని పని. కంకర, ఇసుక, గ్రావెలు వంటి చిన్నతరహా ఖనిజములపై వచ్చు రుసుమును సీనరేజి అందురు. వీటికి నిబంధనలు చేయు అధికారము 1957 చట్టము 15వ సెక్షను క్రింద రాష్ట్రప్రభుత్వమునకు కలదు.

మూసీ ఇసుక

హైదరాబాదు మీదుగా వచ్చు మూసీనది వాడపల్లి వద్ద కృష్ణలో కలియుచున్నది. మూసీ ఇసుక కట్టడములకు పేరుపొందినది. ఇసుకను రాయివలె పనికిమాలినదిగా చూచు అలవాటు మనలో కలదు. వాగులోని ఇసుక నిజమునకు ఒక చెరువు. ఘనమీటరు ఇసుక సందులలో సుమారు 250 లీటర్ల నీరు నిలుచును. ఇసుక పోయినచో వాగు వెంబడి బావులలో నీటిమట్టము దిగును. రాష్ట్రములో 2002లో చేసిన నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టము ఇసుక త్రవ్వకమును ఈ కారణముననే అదుపు చేయుచున్నది. 2012 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, ఐదు హెక్టార్లకు లోబడిన చిన్న క్వారీలకు కూడ పర్యావరణ అనుమతి అవసరమని తీర్పు చెప్పినది.

చీకటిపడిన తరువాత వాగులో ట్రాక్టరు కనబడినచో పంచాయతీ సభ్యుడు ఒంటరిగా ఎదురునిలుచుట ప్రమాదము. తేదీ, వేళ, చోటు, బండి సంఖ్య వ్రాసికొని తహసీల్దారునకు, పోలీసు స్టేషనునకు, గనుల శాఖ సహాయ సంచాలకునకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. చట్టము 22వ సెక్షను ప్రకారము ఈ నేరములను న్యాయస్థానము విచారణకు స్వీకరించునది, అధికారము పొందిన అధికారి వ్రాతమూలకముగా ఫిర్యాదు చేసినప్పుడే. కావున పంచాయతీ ఉత్తరము ఆ అధికారి చేతికి చేరుట ముఖ్యము.

సభకు పోని ఊరు

క్రొత్త గనికో, కర్మాగార విస్తరణకో ప్రజాభిప్రాయ సేకరణ జరుగునప్పుడు కనీసము ముప్పది దినముల ముందు పత్రికలలో ప్రకటన వెలువడవలెను. ఇది 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రకటనలోని నియమము. నివేదిక సారాంశము స్థానిక భాషలో లభింపవలెను. కలెక్టరుగాని, వారి ప్రతినిధిగాని అధ్యక్షత వహింతురు. సభ చిత్రీకరణ జరుగును. సభ ముగియునప్పుడు చర్చాసారాంశమును స్థానిక భాషలో చదివి వినిపింపవలెను. నడిచిన కార్యక్రమపు ప్రతిని సంబంధిత పంచాయతీ కార్యాలయములో అందరికి కనబడునట్లు పెట్టవలెను.

అయితే ఈ సభకు కోరము లేదు. అనగా ఊరిలో ఒక్కరు రాకపోయినను సభ జరిగినట్లే లెక్క. దినకూలి పోవునని పలువురు రారు. వచ్చినవారిలో కొందరు గని వలదందురు, కొందరు ఉద్యోగములు కావలెనందురు. లారీలు ఏ దారిన పోవును, బడి వేళలలో ఆగునా, గుంతను చివర ఎవరు పూడ్చెదరు, ప్రేలుళ్ళు ఏ వేళలలో జరుపుదురు అను ప్రశ్నలు అడుగువారు తక్కువ. ఈ ప్రశ్నలను ముందుగా గ్రామసభలో చర్చించి, తీర్మానముగా వ్రాసి, సభలో అందజేసి రసీదు పొందినచో అవి కార్యక్రమములో చేరును. అడిగిన ప్రశ్నకు దరఖాస్తుదారు ఏమి బదులిచ్చినదియు వ్రాయవలసియుండును. 2018 పంచాయతీరాజ్ చట్టము ప్రకారము రెండు నెలలకొకసారి గ్రామసభ జరుపవలసియేయున్నది. వీధిదీపముల చర్చతో పాటు దీనికి అరగంట కేటాయించుట కష్టము కాదు.

గని కౌలు యాబదేండ్లకు ఇచ్చుటకు 2015 సవరణ వీలు కల్పించినది. యాబదేండ్లనగా పది పంచాయతీల కాలము. ఈనాటి సభ్యులు అడిగి వ్రాయించిన షరతులే తొమ్మిదవ, పదవ పంచాయతీ సభ్యులకు చేతిలో నుండు కాగితము. అందుచేత కార్యదర్శి వద్ద ఒక ప్రత్యేక దస్త్రము ఉంచవలసినదని మేము సూచించుచున్నాము. గ్రామ పరిధిలోనో, సమీపములోనో ఉన్న ప్రతి గని, క్వారీ, కంకర మర పేరు, కౌలు గడువు, అనుమతి షరతుల ప్రతి, ఆ యేటి ప్రతిష్ఠాన నిధులనుండి గ్రామమునకు మంజూరైన పనులు అందులో ఉండవలెను. ఈ కాగితములు అడిగిన వెంటనే దొరకనిచో 2005 సమాచార హక్కు చట్టము క్రింద దరఖాస్తు పెట్టవచ్చును. ముప్పది దినములలో బదులు రావలెను. దరఖాస్తులో ‘గనుల వివరములన్నియు’ అని వ్రాసినచో బదులు ఆలస్యమగును. ఫలానా కౌలు, ఫలానా సంవత్సరము, పంపిన టన్నులు, చెల్లించిన రాయల్టీ, ప్రతిష్ఠానమునకు జమయైన మొత్తము అని విడివిడిగా అడుగవలెను. వచ్చిన టన్నుల లెక్కను పైన చూపిన రేటుతో గుణించి, జమయైన మొత్తముతో సరిపోల్చుటకు ఊరిలో పదవతరగతి చదివిన పిల్లవాడు చాలును.